లారీ ఎక్కించే ముందు ఒక ఫోన్ కొట్టండి

వరదలో, కరువులో చిక్కుకున్న పిల్లలకు సామాన్లు ఎలా చేర్చాలన్న విషయం మీద ఈసారి ప్రశ్నలూ జవాబులూ. ఉత్తరాలన్నీ కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచే వచ్చాయి. కొన్ని మరీ పొడుగ్గా ఉంటే కుదించాను, అడిగిన సంగతి మాత్రం మార్చలేదు.

ప్రశ్న: అన్నా, 2021లో చెయ్యేరు వరదప్పుడు మా వీధి కుర్రాళ్లమంతా చందాలేసుకుని ఒక మినీ లారీ నిండా బట్టలు, బిస్కెట్లు, నోటు పుస్తకాలు తీసుకుని రాజంపేట వైపు పోయినాం. బిస్కెట్లు చూస్తుండగానే అయిపోయినాయి. బట్టల మూటలు సగం విప్పను కూడా లేదు, అక్కడే ఒక వరండాలో పడేసి వచ్చినాం. చాలా బాధేసింది. మళ్లీ ఇట్లాంటిది వస్తే ఎట్ల చేయాల? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ నవంబరు 19న పైన పింఛా, కింద అన్నమయ్య ప్రాజెక్టు కట్టలు తెగి పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట లాంటి ఊళ్ల మీదికి నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఇళ్లలో గిన్నె, చాప, బొంత ఏదీ మిగల్లేదు. బురదలో నిలబడ్డ తల్లి ముందు నూరు చొక్కాల మూట పడేస్తే, అందులో తన మూడేళ్ల పాపకు సరిపోయే గౌను ఎక్కడుందో వెతుక్కునే ఓపిక ఆమెకు ఎక్కడుంటుంది? విప్పలేదంటే మీ బట్టలు నచ్చక కాదు. 2004 సునామీ తర్వాత నాగపట్నం దగ్గర పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి తడిసి, చివరికి వాటిని ఎత్తిపోయడమే అక్కడి సిబ్బందికి ఇంకో పనైంది. దేశమంతా చూసిన సంగతే అయినా ప్రతి వరదకూ మళ్లీ అదే జరుగుతుంది.

ముందు ఫోన్. తహసీల్దారు ఆఫీసుకో, కలెక్టరేట్ కంట్రోల్ రూముకో, ఆ ఊరి సచివాలయానికో చేయండి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు, కాబట్టి ఏ ఊరికి ఏం పోయింది, ఏ ఊరికి ఇంకా ఏమీ పోలేదు అన్న లెక్క అక్కడ దొరకాలి. కానీ నన్నడిగితే వీళ్లందరికంటే ముందు పట్టుకోవాల్సిన మనిషి ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు. ఏ ఇంట్లో ఎన్ని నెలల బిడ్డ ఉందో, ఎవరు గర్భిణో, ఎవరు బాలింతో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రిజిస్టరు వరదలో కొట్టుకుపోయినా ఆమె నోటి మీద చెప్పగలదు.

తర్వాత వయసులవారీగా కట్టలు. ఏడాది లోపు, ఒకటి నుంచి మూడు, నాలుగు నుంచి ఆరు, ఏడు నుంచి పది, ఆ పైన. పెట్టెకు ఒకే వయసు, ఒకే రకం. పెట్టె మీద ఒక పక్కన రాస్తే దొంతర పెట్టినప్పుడు ఆ పక్క గోడ వైపు పోతుంది, కాబట్టి కనీసం మూడు పక్కల తెలుగులో పెద్దక్షరాలతో రాయండి: ‘ఆడపిల్లలు, 4–6 ఏళ్లు, గౌన్లు 40’. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకు లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు కావాలి. మగవాళ్లే సర్దిన లారీల్లో ఇవి కనపడవు, మీ వీధిలో ఆడవాళ్లను కూడా సర్దడానికి పిలవండి. వాడిన లోదుస్తులు మాత్రం ఎవరికీ పంపకండి, దయచేసి.

ఇంకోటి, మీరు అన్నీ ఒకే లారీలో వేశారు. మొదటి రెండు మూడు రోజులు తాగే నీళ్లు, వండకుండా తినేవి కావాలి. నీళ్లు తీశాక బకెట్, మూతున్న గిన్నె, సబ్బు, చాప, దోమతెర, పొడి బట్టలు. బడి తెరిచే ముందు నోటు పుస్తకాలు. మొదటి రోజే పుస్తకాలు పోతే పెట్టుకోవడానికి పొడి నేలే ఉండదు. ఒక పెద్ద లారీ కంటే రెండు మూడు చిన్న ట్రిప్పులు మేలు, డీజిల్ ఖర్చు ఎక్కువైనా సరే. సరుకు విలువ యాభై వేలు దాటితే ఈ–వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్‌టీ కాగితం) సంగతి ముందే మీ ఊరి అకౌంటెంటును అడిగి పెట్టుకోండి, చెక్‌పోస్టు దగ్గర ఆగి వాదించుకుంటే పోయేది పిల్లల టైమే. ఇక లారీకి కట్టే ఫ్లెక్సీ... ఆ డబ్బుకు ఎన్ని సబ్బులొస్తాయో మీరే లెక్కేసుకోండి.

ప్రశ్న: 2009లో హంద్రీ, తుంగభద్ర రెండూ పొంగి కర్నూలు మునిగినప్పుడు మేము మేడ మీద చిక్కుకున్నాం. పక్కింటి చంటిపిల్ల పాలకు ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. అందుకే మా పొదుపు సంఘం తరఫున ఎక్కడ వరదొచ్చినా పాలపొడి డబ్బాలు, పాలసీసాలు పంపాలని డబ్బు కూడబెడుతున్నాం. మా కోడలు నర్సు, అలా పంపకూడదంటోంది. పాలు పంపడంలో తప్పేముంది? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీ కోడలి మాట వినండమ్మా. అలా పంపడం చట్టం కూడా ఒప్పుకోదు. శిశువుల పాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాల మీద 1992లో ఒక చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. దాని ప్రకారం పాలపొడి డబ్బాలను, సీసాలను దానంగా పంచడానికి వీల్లేదు, అనాథ శరణాలయాలకు తప్ప.

చట్టం పక్కన పెట్టి ఆ మేడ మీద రోజుల్నే తలుచుకోండి. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. ఆ డబ్బా మీ పక్కింటావిడ చేతిలో పెడితే ఆమె ఏ నీళ్లతో కలిపేది? మరిగించడానికి గ్యాస్ ఏది? సీసా, రబ్బరు పీక ఎక్కడ ఉడకబెట్టేది? బురద నీళ్లతో కలిపిన పాలు తాగిన బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, ఆసుపత్రికి దారి లేని చోట అదే ప్రాణం మీదికొస్తుంది. డబ్బా అయిపోతుందేమోనని నీళ్లు ఎక్కువ పోసి పల్చగా పట్టే తల్లులూ ఉంటారు. ఈలోగా బిడ్డ సీసాకు అలవాటుపడి రొమ్ము పట్టడం తగ్గితే తల్లికి పాలు తగ్గుతాయి. డబ్బాలు ఆగిపోయిన రోజున అటూ లేదు, ఇటూ లేదు.

భయానికి పాలు ఎండిపోతాయని మనవాళ్లలో గట్టి నమ్మకం. టెన్షన్‌లో పాలు దిగడం కాసేపు ఆలస్యం కావచ్చు గానీ ఎండిపోవు, బిడ్డను రొమ్ముకు పట్టించే కొద్దీ మళ్లీ వస్తాయి. కాబట్టి మీ సంఘం డబ్బు తల్లి మీద పెట్టండి. ఆమెకు కడుపునిండా తిండి, తాగే నీళ్లు ముందుగా అందాలి. శిబిరంలో ఒక మూల రెండు చీరలు అడ్డం కట్టి, మగవాళ్లు రాకుండా కూర్చుని పాలిచ్చుకునే చోటు చేయండి. పైసా ఖర్చు లేని ఈ పని ఎంతమంది పిల్లలకు ఆసరా అవుతుందో మీ కోడలు చెబుతుంది. తల్లి చనిపోయిన బిడ్డో, తల్లి దూరమైన బిడ్డో ఉంటే ఆ బిడ్డకు పాలపొడి డాక్టరు రాస్తారు, ఆరోగ్య సిబ్బంది కళ్లముందు కప్పుతో, చెంచాతో పట్టిస్తారు. సీసా అప్పుడు కూడా వద్దు. కప్పును కడగడం తేలిక, సీసా మూలల్లో మురికి వదలదు.

ఆరు నెలలు దాటిన పిల్లల కోసం పంపాలనుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మంచివే, కానీ వాటితో పాటు లీటరు గుర్తున్న పాత్రలు కూడా పంపండి. 20.5 గ్రాముల ప్యాకెట్ లీటరు నీళ్లకు లెక్క. చెంబుతో అందాజుగా కలిపితే ఎక్కువ చిక్కనైనా ప్రమాదమే. ఇళ్లలో మిగిలిపోయిన సిరప్పులు, మాత్రలు పోగుచేసి పంపే అలవాటు కొందరికి ఉంది, అది అసలు వద్దు. చేరే నాటికి ఇంకా కనీసం ఏడాది గడువుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల దానానికి పెట్టిన నియమం. సగం వాడిన సీసాకు పైన అచ్చేసిన గడువు లెక్కలోకి రాదు.

ప్రశ్న: డబ్బులిస్తే మధ్యలో తినేస్తారు సార్, వస్తువులిస్తేనే నయం కదా? – కడప

జవాబు: వస్తువులు కూడా తింటారు సార్, బియ్యం మూట డబ్బు కంటే తొందరగా మాయమవుతుంది. రసీదు ఇచ్చే, ఆడిట్ లెక్కలు బయటపెట్టే సంస్థను చూసి డబ్బివ్వండి. మునిగిన ఊరికి పక్క ఊళ్లో అంగడి తెరిచి ఉంటే అక్కడే కొనడం చవక, రవాణా ఖర్చు లేదు, ఆ అంగడాయనకూ బేరం. దుకాణాలే మునిగిపోయి, దారి తెగిపోయి ఉంటే అప్పుడు బయటి నుంచి సరుకు పంపాలి.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో చెనిక్కాయ (వేరుశెనగ) పండించే కుటుంబం. ఆఫ్రికాలో బక్కచిక్కిన పిల్లలకు చెనిక్కాయ పేస్టు ఇచ్చి బతికిస్తారని విన్నాను. నిజమేనా? అట్లయితే మన కాయ వాళ్లు ఎందుకు కొనరు? దళారి చెప్పిన రేటుకు అమ్ముకోవడమేనా మా బతుకు? – ఒక యువ రైతు, కళ్యాణదుర్గం

జవాబు: నిజమే. 1996 ప్రాంతంలో ఆంద్రే బ్రియాండ్ అనే ఫ్రెంచి పిల్లల డాక్టరు ఒక ఫ్రెంచి కంపెనీతో కలిసి దీన్ని తయారు చేశాడు. చెనిక్కాయ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపి 92 గ్రాముల పొట్లం. ఒక్కో పొట్లంలో 500 కేలరీలు. మూల చించి బిడ్డ నోట్లో పిండడమే, నీళ్లు అక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. అంతకు ముందు తీవ్రమైన పోషకలోపమున్న పిల్లలకు పాలపొడి మిశ్రమం కలిపి పట్టాల్సి వచ్చేది, దానికి శుభ్రమైన నీళ్లు, వార్డు, నర్సు, వారాల తరబడి పక్కన కూర్చునే తల్లి కావాలి. ఇంట్లో ఇంకో ముగ్గురు పిల్లలను వదిలి ఏ తల్లి అన్ని వారాలు ఆసుపత్రిలో ఉంటుంది? పేస్టు వచ్చాక, ఆకలి పుట్టి వేరే జబ్బేమీ లేని పిల్లలకు ఇంటి దగ్గరే వైద్యం కుదిరింది. పేస్టులో తేమ చాలా తక్కువ కాబట్టి సూక్ష్మక్రిములు పెరగవు, రెండేళ్లు నిలవ ఉంటుంది.

సరఫరా చేసేవాళ్లకు ఇది ఎందుకు వరమో చూడండి. పెట్టెకు 150 పొట్లాలు, అంటే 13.8 కిలోల పేస్టు. ఒక బిడ్డ కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, సుమారుగా ఒక పెట్టె. ఒక జిల్లాలో వెయ్యి మంది పిల్లలున్నారంటే వెయ్యి పెట్టెలు. లెక్క నోటి మీదే తేలిపోతుంది. పంపాక కష్టమొచ్చేది చివరి పాతిక కిలోమీటర్లలో, దారి లేని చోట. పెట్టె ఒక్కటే అయినా అది వారం వారం కొంచెం కొంచెంగా అందాలి, మధ్యలో రెండు వారాలు ఆగితే కోలుకుంటున్న బిడ్డ మళ్లీ జారిపోతుంది. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు ఎంత సరుకు పోయిందని తక్కువ అడుగుతారు, ఏ కేంద్రంలో స్టాకు ఎన్ని రోజులు ఖాళీగా ఉందని ఎక్కువ అడుగుతారు.

ఇక మీ అసలు ప్రశ్న. ప్రపంచంలో ఈ పేస్టు ఎక్కువగా కొనేది ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యూనిసెఫ్. దాని సరఫరా విభాగం డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ రేవులో ఉంది, పెద్ద గోదాము, అక్కడి నుంచి అత్యవసరమైతే రెండు మూడు రోజుల్లో విమానం ఎక్కిస్తారు. వాళ్లు రైతు దగ్గర కాయ కొనరు, టెండరు పిలిచి తయారీదారుల దగ్గర పేస్టు కొంటారు. మన దేశంలోనూ అలా తయారు చేసి వాళ్లకు అమ్మే కంపెనీలు ఉన్నాయి. కాబట్టి మీ కాయ వాళ్లకు చేరాలంటే ఆ కంపెనీ తలుపు దాటాలి, అక్కడ అడ్డం నిలబడేది అఫ్లటాక్సిన్. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు వదిలే విషం. కాయ ఊరే దశలో వాన మొహం చాటేసి నేల ఎండితే, గింజ ఆ బూజుకు లొంగిపోతుంది. అనంతపురంలో ఆ దశలో వాన మొహం చాటేయడం మీకు నేను చెప్పాలా? పీకిన తర్వాత తడి కాయను కుప్పేసినా, నూర్చడానికి సులువని ఎండిన కాయ మీద నీళ్లు చల్లినా, పగిలిన కాయ కలిసినా అంతే. బక్కచిక్కిన బిడ్డ కాలేయం అసలే నీరసంగా ఉంటుంది, అందుకే వాళ్ల పరీక్షలో లెక్క బిలియన్‌లో ఎన్ని భాగాలన్నంత సన్నగా ఉంటుంది. చేత్తో చూస్తే, నమిలి చూస్తే తెలియదు.

మీ చేతిలో ఉన్న పని: పక్వానికి రాగానే పీకడం, చెట్టును తిరగేసి కాయ పైకొచ్చేలా ఎండబెట్టడం, పుచ్చు, పగుళ్లు, మట్టి కాయ ఏరేయడం, గోతాలను నేల మీద కాకుండా చెక్కల మీద గాలి ఆడేలా పెట్టడం. ఇది ఒక్కరు చేస్తే దళారి అదే రేటు ఇస్తాడు. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉండి, అందరి కాయా ఒకే పద్ధతిలో ఎండి, ల్యాబు రిపోర్టుతో లోడు పోతే అప్పుడు బేరం మీ వైపు కొంచెం జరుగుతుంది. కొంచెమే, ఎక్కువ ఆశ పెట్టను.

ఒక హెచ్చరిక. ఈ పేస్టు మందు లాంటిది, ఆన్‌లైన్‌లో కనపడిందని ఇంట్లో సన్నగా ఉన్న పిల్లకు పెట్టేయకండి. మన ప్రభుత్వం దీన్ని దేశమంతటా పథకంగా పెట్టలేదు, ఇంటి తిండి, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి, అవసరమైతే పెద్దాసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రం, ఇదీ ఇక్కడి దారి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే, అంటే అంగన్‌వాడీలో ఉండే పట్టీ ఎరుపు చూపిస్తే, ఆ రోజే ఆసుపత్రికి.

ప్రశ్న: వరద ఊరికి టీకాల డబ్బా మోసుకెళ్లడానికి వాలంటీరుగా పోయాను. ఎండ మండిపోతోంది కదా అని నేను ఫ్రీజర్‌లోంచి రాయిలా గడ్డకట్టిన ఐస్ ప్యాకులు తీసి డబ్బాలో పెడుతుంటే సిస్టర్ కోప్పడి బయట పెట్టించింది. అవి కరిగేదాకా ఊరికే కూర్చున్నాం. ఇదేం పద్ధతి? – కర్నూలు

జవాబు: సిస్టర్‌కు దండం పెట్టండి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, మనందరికీ పైనున్న 8 ఒక్కటే గుర్తుంటుంది, కిందున్న 2 గుర్తుండదు. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, టీడీ లాంటివి ఒకసారి గడ్డకడితే మళ్లీ కరిగినా పనిచేయవు. అందుకే ప్యాకులను బయట పెట్టి, చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడేదాకా ఆగుతారు. ఎండకు పాడైందా అన్నది సీసా మీదున్న గుర్తు చెబుతుంది, వృత్తంలో చిన్న చదరం ఉంటుంది, ఆ చదరం వృత్తమంత ముదురు రంగుకు వస్తే పారేయాల్సిందే. గడ్డకట్టిందా అన్నది మాత్రం ఆ గుర్తు చెప్పదు. సూది వేస్తారు, కార్డు మీద రాస్తారు, బిడ్డకు రక్షణ మాత్రం రాదు, అది ఎవరికీ తెలియదు కూడా. ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం పుట్టించేది అదే.

ప్రశ్న: నేను కోసిగి దగ్గర బడిలో టీచర్ని. దీపావళి దాటితే మా ఊరు సగం గుంటూరు వైపు పత్తికి, మిరపకు వలస పోతుంది, పిల్లలు కూడా. దాతలు పుస్తకాలు, బ్యాగులు ఇస్తామంటారు, అవి వచ్చేసరికి పిల్లలుండరు. యూనిసెఫ్ వాళ్లకు పెట్టెలో బడి అని ఒకటుంటుందట, అట్లాంటిది మనకు కుదురుతుందా? – ఒక టీచరు

జవాబు: ఉంది మేడమ్. అల్యూమినియం పెట్టె, ఒక టీచరుకు, 40 మంది పిల్లలకు సరిపోయే సామాను. నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, కత్తెర్లు, లెక్కలకు ఘనాలు, చెక్క గడియారం. మూత లోపలి వైపు నల్ల పెయింటు వేసి ఉంటుంది, తెరిచి నిలబెడితే అదే బోర్డు. పాఠ్యపుస్తకాలు మాత్రం ఉండవు, ఏ భాష పిల్లలకైనా పనికిరావాలి కాబట్టి. రువాండా నుంచి టాంజానియాకు పారిపోయిన పిల్లల కోసం 1990ల్లో మొదలుపెట్టారు.

కానీ మీ సమస్య పెట్టె కాదు, చిరునామా. చేను మారితే చిరునామా మారే పిల్లలకు పార్సిల్ ఎక్కడికి పంపేది? మీరు చేయగలిగింది వాళ్లు బయల్దేరక ముందే చేయాలి. పంటను బట్టి ఏ నెలలో కదులుతారో మీకు తెలుసు, దాతకు దానికి రెండు నెలల ముందు తేదీ చెప్పండి, ‘ఎప్పుడైనా పర్లేదు సార్’ అని మాత్రం అనకండి. ప్రతి బిడ్డకూ ఒక చిన్న సంచి: పుస్తకాలు, పలక, ఒక జత బట్టలు, చెప్పులు, తల్లీబిడ్డల టీకా కార్డు జిరాక్స్, మీ రాతతో బిడ్డ పేరు, తరగతి. ఏ మేస్త్రీ తీసుకుపోతున్నాడు, ఏ మండలానికి, అతని నంబరు, ఇవి రాసి పెట్టుకోండి, రేపు ఎవరికేం పంపాలన్నా ఆ కాగితమే దారి. చంటిపిల్లల పేర్లను అంగన్‌వాడీలు వాడే పోషణ్ ట్రాకర్ యాప్‌లో అక్కడి అంగన్‌వాడీకి మార్పించొచ్చు, టీకా కార్డు చూపిస్తే ఎక్కడైనా టీకా వేస్తారు, రేషన్ కూడా వేరే ఊళ్లో తీసుకోవచ్చు. ఇవన్నీ తల్లులకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ముసలివాళ్ల దగ్గర ఉండిపోయే పిల్లలుంటే సీజనల్ హాస్టల్ తెరవమని ముందే అడగండి, జనవరిలో తెరిస్తే ఎవరికి?

ప్రశ్న: అంగన్‌వాడీలో పని చేస్తాను సార్. ఉన్నది ఒక్క గది, వంటా అందులోనే, స్టోరూ అందులోనే. బాలామృతం ప్యాకెట్లకు ఎలుకలు, పురుగులు. పై అధికారులు రిజిస్టరు అడుగుతారు గానీ గది అడిగితే పలకరు. – తాడిపత్రి

జవాబు: గది సంగతి నా చేతిలో లేదమ్మా, మీ కష్టం మాత్రం అర్థమవుతోంది. ఉన్న గదిలోనే చేయగలిగినవి చెబుతాను. ప్యాకెట్లు నేల మీద పెట్టకండి, రెండు చెక్కలో, పాత బెంచీయో వేయండి. గోడకు ఆనించకుండా జానెడు వదలండి, ఆ సందులో చీపురు పోవాలి, ఎలుక వచ్చిందో లేదో కనపడాలి. పొయ్యికి, నూనెకు, ముఖ్యంగా ఫినాయిల్‌కు దూరంగా. గడువు తేదీ ముందున్నవి ముందు వరసలో పెట్టండి. ముందొచ్చింది ముందు ఇచ్చేయాలని మనకు అలవాటు, కానీ ఒక్కోసారి తర్వాతొచ్చిన బస్తాకే గడువు ముందుంటుంది, చూసి ఇవ్వండి. చిరిగిన ప్యాకెట్‌ను వేరే డబ్బాలో పోసి పంచొద్దు, రిజిస్టర్లో ‘పాడైంది’ అని తేదీతో రాసి పక్కన పెట్టండి. పాడైంది రాస్తే మన మీదికొస్తుందని దాచేస్తారు చాలామంది, దాంతో కాగితం మీద స్టాకు ఉంటుంది, గదిలో ఉండదు, కాబట్టి వచ్చే నెలకు ఇంత కావాలని పంపే ఇండెంట్ తక్కువ పోతుంది, ఎవరో ఒక బిడ్డకు రెండున్నర కిలోల ప్యాకెట్ రాదు. పెళ్లింట్లో స్టోరు గది తాళం ఒక్కరి కొంగుకే ఉన్నట్టు, మీ దగ్గర కూడా తీసి ఇచ్చేది ఒక్కరే ఉండాలి, మీరో ఆయానో మాట్లాడుకోండి.

ప్రశ్న: అన్నా, నేను బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. ఇలాంటి సంస్థల్లో సరఫరా, లాజిస్టిక్స్ ఉద్యోగాలుంటాయా? ఆడపిల్లకు గోదాము ఉద్యోగమేంటని ఇంట్లో అంటున్నారు. – ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఉంటాయమ్మా, బీకాంకు బాగా నప్పే పని. మూట మోయడం కాదు, మూడు కొటేషన్లు తెప్పించి పోల్చడం, స్టాక్ కార్డు రోజూ రాయడం, గోదాములో ఉన్నదీ కాగితం మీద ఉన్నదీ కలుస్తుందో లేదో నెలకోసారి లెక్కపెట్టడం, లారీకి వే బిల్లు రాసి సరుకు దించుకున్నవాళ్ల సంతకం వెనక్కి తెప్పించడం. ఎక్సెల్ చేతికి బాగా అలవాటు కావాలి. ఇంగ్లీషు, తెలుగుతో పాటు కొంచెం హిందీ వస్తే లారీ డ్రైవర్లతో పని తేలికవుతుంది. ఐక్యరాజ్యసమితిలో, విపత్తుల్లో సంస్థలన్నిటి సామాను చేరవేతను సమన్వయం చేసే లాజిస్టిక్స్ క్లస్టర్ అని ఉంది, 2005 నుంచి, ప్రపంచ ఆహార కార్యక్రమం దాన్ని నడుపుతుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో గోదాము నుంచి రవాణా దాకా చదువుకోవడానికి ఉచితంగా చాలా ఉంది. స్ఫియర్ హ్యాండ్‌బుక్ కూడా ఉచితమే, మనిషికి ఎన్ని నీళ్లు, ఎంత తిండి, ఎంత చోటు అన్న కనీస లెక్కలు అందులో ఉంటాయి. మొదట దగ్గర్లో మొదలుపెట్టండి. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ 1969 నుంచి పనిచేస్తోంది, కడపలోనూ చిన్న చిన్న సంస్థలున్నాయి, స్టోరు విభాగంలో ఆరు నెలలు చేసినా చాలు, సర్టిఫికెట్ల కంటే అది ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఆడపిల్లల సామాను ఏం కావాలో గోదాములో ఆడమనిషి ఉంటేనే లిస్టులోకి ఎక్కుతుంది.

ఇంటర్వ్యూలో లెక్కలు అడుగుతారు. ఉదాహరణకు శిబిరంలో 3000 మంది, మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు, పదివేల లీటర్ల ట్యాంకర్ ఒక్కటే ఉంది, రోజుకు ఎన్ని ట్రిప్పులు? నాలుగున్నర, అంటే ఐదు. ఐదు అని చెప్పి ఊరుకోకండి. నింపడానికి ఎంతసేపు పడుతుంది, శిబిరంలో దించుకోవడానికి ట్యాంకు ఉందా లేక బిందెలతో పట్టుకుంటారా, రాత్రిపూట డ్రైవరు ఎవరు అని మీరే తిరిగి అడగండి.